అలమర శుభ్రత ఎవరి పూచీ?

వంటింటి అలమరకు జిడ్డు పట్టినా, పిండిలో పురుగు పడినా ఇల్లాలినే తప్పుపట్టడం లోకరీతి. ఆ తప్పులో సగమైనా అలమర చేసినవాళ్లదేనని 1926 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది రుజువు చేస్తుంది. నగర నిర్మాణ శాఖ అధిపతి ఎర్న్‌స్ట్ మై ఆధ్వర్యంలో ఆ నగరం కట్టించిన చవక ఇళ్ల కోసం వియన్నా ఆర్కిటెక్ట్ మార్గరెట షూటె-లిహోట్‌స్కీ దాన్ని రూపొందించారు. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు, అంతే. విడి బీరువాల కిందా వెనకా చీపురు దూరదు, పురుగు దూరుతుంది. అందుకే ఆమె అలమరలను గోడకు బిగించి, కాళ్లకు బదులు కాంక్రీటు దిమ్మె మీద నిలబెట్టారు. పిండి సొరుగులకు ఓక్ చెక్క వాడారు, అందులోని టానిన్ అనే పదార్థం పురుగును దరిచేరనివ్వదని. బియ్యం, చక్కెర వంటివాటికి అల్యూమినియం సొరుగులు. పిడి పట్టి లాగి, కొసనున్న మూతితో నేరుగా గిన్నెలోకి వంపుకోవచ్చు. చెంచా ముంచక్కర్లేదు, గింజలు చుట్టూ రాలవు. తలుపులకు నీలిరంగు వేయించింది ఈగలు దానిమీద వాలవన్న అప్పటి నమ్మకంతో. మన జాలీ అలమర కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టడంలోనూ ఇలాంటి తెలివే ఉంది. కాకపోతే ఆ గిన్నెలు ఎండకుండా ఎవరో ఒకరు రోజూ కనిపెట్టుకుని ఉండాలి. ఓక్ చెక్కకు ఆ కాపలా అక్కర్లేదు.

ఇద్దరు నిలబడే చోటు లేని ఆ గది ఆడవాళ్లను ఒంటరిగా వంటకే కట్టేసిందని 1970ల నుంచీ స్త్రీవాదులు విమర్శిస్తున్నారు. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. అయితే వంట ఒక్కరి పనేనన్న తీర్పు సమాజానిది, అలమరది కాదు. గది ఇరుకు కావడానికి ఖర్చు లెక్కలూ కారణమే. పైగా వంటకు విడిగా గది ఉండటం మేలే, వండేచోటే పడుకునే పాత పేద ఇళ్లలో పొగ, ఆవిరి పక్కబట్టలకు కూడా పట్టేవి. ఇంటిపని తగ్గితేనే స్త్రీకి బయటి బతుకు దొరుకుతుందన్నది షూటె-లిహోట్‌స్కీ ఉద్దేశం. అల్యూమినియం సొరుగులు పిల్లలకు అందే ఎత్తులో ఉండటం మాత్రం నిజంగా లోపమే. అప్పటికి తాను ఇల్లు నడిపిన మనిషిని కానని ఆమే చెప్పుకున్నారు, ఆ కొరత ఇక్కడ తెలుస్తుంది.

సుమారు 10,000 ఇళ్లలో అమర్చిన ఈ వంటగదుల్ని తర్వాత చాలామంది పీకేశారు. గోడకు బిగించిన వరసలు, వాటి అడుగున మూసిన పీఠం ఇవాళ్టి మాడ్యులర్ కిచెన్‌లోనూ ఉన్నాయి. ఓక్ పిండి సొరుగు మాత్రం అందులో సాధారణంగా కనిపించదు. పిండికి పురుగు పట్టకుండా చూసే పని మళ్లీ ఇల్లాలి నెత్తినే పడింది.