దొరల పెన్షను, మన 401(కె)

ఇంగ్లాండు వెళ్ళిపోయిన తెల్లదొరల పెన్షన్ల కోసం మన ఆదాయపు పన్ను చట్టంలో ప్రత్యేకంగా ఒక సెక్షన్ రాశారంటే నమ్ముతారా? నేను మొదట నమ్మలేదు. అమెరికా నుంచి తిరిగొచ్చేసే మనవాళ్ళ 401(కె) సంగతేమిటా అని 1961 చట్టం తిరగేస్తుంటే 9(2) కంటబడింది.

ఇండియాలో చేసిన ఉద్యోగానికి వచ్చే జీతమైనా పెన్షనైనా, ఎక్కడ కూర్చుని తీసుకున్నా ఇండియా ఆదాయమే. ఇది మామూలు రూలు. ఐ.సి.ఎస్. లాంటి సర్వీసుల్లో పనిచేసినవాళ్ళు, 1947 ఆగస్టు 15కి ముందు నియమితులైన జడ్జీలు శాశ్వతంగా విదేశంలో ఉండిపోయి అక్కడే పెన్షను తీసుకుంటే మాత్రం ఈ రూలు వర్తించదు. అదీ 9(2). ఐ.సి.ఎస్. వాళ్ళకి రాజ్యాంగం ఇచ్చిన హామీని (314వ అధికరణం) 1972లో 28వ సవరణతో ఎత్తేశారు. ఈ సెక్షన్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ప్రొడక్షన్‌లో పాత కోడ్ ఎందుకుందో తెలియక అలా వదిలేస్తాం చూడండి, అలాగన్నమాట :)

అసలు గొడవ ఇంకా పాతది. కాటన్ దొర, బ్రౌన్ దొర ఇద్దరూ చివరి రోజులు ఇంగ్లాండులోనే గడిపారు. అలా తిరిగెళ్ళిన ఉద్యోగుల పెన్షన్లు ఇండియా ఖజానా నుంచి 'హోమ్ ఛార్జీల' పేరుతో ఏటా లండన్ చేరేవి. సంపాదన ఇక్కడ, ఖర్చు అక్కడ. దాదాభాయి నౌరోజీ గొంతు చించుకుని చెప్పిన సంపద తరలింపులో ఇదీ ఒక పద్దే.

మరి పెన్షను మీద పన్ను ఎవరిది? డబ్బు పుట్టిన దేశానిదా, మనిషి బతుకుతున్న దేశానిదా? 1963లో ఓ.ఇ.సి.డి. తయారుచేసిన నమూనా ఒప్పందం ప్రైవేటు పెన్షన్లని నివాస దేశానికి, సర్కారు పెన్షన్లని చెల్లించే దేశానికి పంచింది. వినడానికి బాగానే ఉంది. కానీ ఉద్యోగం చేస్తున్నన్నాళ్ళూ పన్ను మినహాయింపు ఇచ్చిన దేశం, తీరా వసూలు చేసుకునే వేళకి మనిషి ఇంకో దేశం ఎక్కేస్తే ఊరుకుంటుందా? డెన్మార్క్ ఊరుకోలేదు. తన పెన్షనర్లు ఎండకోసం ఫ్రాన్సు, స్పెయిన్ చేరుతుంటే చూసి చూసి, 2009 నుంచి ఆ రెండు దేశాలతో ఒప్పందాలనే రద్దు చేసుకుంది.

ఇక మన సంగతి. ఇండియా-అమెరికా ఒప్పందం మీద 1989 సెప్టెంబరు 12న సంతకాలయ్యాయి, 1990 డిసెంబరులో అమల్లోకొచ్చింది. 20వ అధికరణం ప్రకారం ప్రైవేటు పెన్షను మీద పన్ను నివాస దేశానిదే. సోషల్ సెక్యూరిటీ మాత్రం అమెరికాదే, ఇండియా ముట్టుకోదు. అలాగని లాభమేమీ లేదు. అమెరికా పౌరుడు కాని మనిషి హైదరాబాదులో ఉంటూ తీసుకుంటే అందులో 85 శాతం మీద 30 శాతం, అంటే మొత్తంలో 25.5 శాతం, అక్కడే కోసేస్తారు.

ఈ ఒప్పందంలో పెన్షను అంటే క్రమంగా వచ్చే చెల్లింపు. నెలనెలా చెక్కు అందుకునే ముసలాయన్ని మనసులో పెట్టుకుని రాశారనిపిస్తుంది. 401(కె) అలాంటిది కాదుగా, అదొక ఖాతా. ఏటా లోపల పెరుగుతుంది, తీసినప్పుడే అమెరికా పన్నేస్తుంది. ఇండియాలో రెసిడెంట్ అయినవాడికి లోపల పెరిగినదాని మీద ఏ ఏడు పన్ను ఆ ఏడే పడే చిక్కుంది. ఇక్కడ ఈ ఏడు కట్టాలి, అక్కడ ఇరవై ఏళ్ళ తర్వాత కట్టాలి, రెండిటికీ క్రెడిట్ ఎలా సరిపెడతారు?

పూర్వం తిరిగొచ్చినవాళ్ళకి 'రెసిడెంట్ కానీ ఆర్డినరీ కాదు' అనే హోదా తొమ్మిదేళ్ళదాకా సాగేది, విదేశీ ఆదాయం జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. 2003 బడ్జెట్ దాన్ని రెండు మూడేళ్ళకి కుదించింది. చిక్కు అసలు అప్పుడు ముదిరింది. విరుగుడు 89ఎ సెక్షన్ రూపంలో రావడానికి 2021 అయ్యింది. అమెరికా, బ్రిటన్, కెనడా ఖాతాలకి వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో నోటిఫై చేశారు. అక్కడ పన్ను పడేటప్పుడే ఇక్కడా పడేలా ఎంచుకోవచ్చు. దొరల పెన్షనుకి చట్టంతోపాటే చోటు దొరికింది, మనవాళ్ళ ఖాతాకి అరవై ఏళ్ళు పట్టింది! కోట్లమంది సమస్య కాదు, నిజమే. దొరలు మాత్రం ఎంతమంది ఉండేవారు?

89ఎ లోనూ ఒక మెలిక ఉంది. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకోలేరు. ఎంచుకున్నాక మళ్ళీ అమెరికా వెళ్ళి నాన్‌రెసిడెంట్ అయితే అసలు ఎంచుకోనట్టే లెక్క, వెనకటి ఏళ్ళ పన్నంతా బయటికొస్తుంది. పిల్లల చదువుకోసం ఒకసారి, ప్రాజెక్టుకోసం ఒకసారి అటూ ఇటూ తిరిగేవాళ్ళు ఆడిటర్ దగ్గర ముందు అడగాల్సింది ఈ సంగతే.