మేకపాల జాడలో మాల్టా

మాల్టాలో ఏమేమి చూడాలో చెప్పే పుస్తకాలకు కొదవ లేదు. తేనెరంగు సున్నపురాతి కోటలు, 1565లో తురుష్క సైన్యాల ముట్టడి, రెండవ ప్రపంచయుద్ధంలో బాంబుల వాన, 1942లో ద్వీపం మొత్తానికి దక్కిన జార్జ్ క్రాస్ పతకం: ఏ పుస్తకం తిరగేసినా ఇవే. మూడు ప్రధాన దీవులనూ కలుపుకున్నా 316 చదరపు కిలోమీటర్లకు మించని ఈ దేశంలో వారంరోజుల సెలవును ఎలా గడపాలన్న ప్రశ్నకు, వైద్యవృత్తిలో ఉన్నవాణ్ణి కనుక, నాకు మరో దారి తోచింది. ఒకప్పుడు ఈ ద్వీపం పేరునే ఒక జ్వరానికి పెట్టారు. ఆ జ్వరం మనుషులకు ఎలా సోకుతున్నదో కనుగొన్న స్థానిక వైద్యుడే, ఇక్కడి అతి ప్రాచీన ఆలయాలను మన్ను తొలగించి లోకానికి చూపించాడు. ఆయన సర్ థెమిస్టొక్లీస్ జమ్మిత్ (1864–1935). ఆయన అడుగుజాడల్లో నడిస్తే యాత్రాప్రణాళిక తనంత తానే సిద్ధమవుతుంది.

మొదటి రెండు రోజులూ రాజధాని వలెట్టాకు కేటాయించాలి. సెయింట్ జాన్ వీరభటులు 1570లలో కట్టడం మొదలుపెట్టిన ఆసుపత్రి సముద్రపు ఒడ్డునే ఉంది. దాని పెద్ద వార్డు పొడవు 150 మీటర్లకు పైమాటే. రోగులకు వెండి పళ్ళాలలో భోజనం వడ్డించేవారు. అది కేవలం వైభవ ప్రదర్శన అని కొందరంటారు గాని, వెండి శుభ్రం చేయడానికి సులువని అప్పటివారికి తెలిసే ఉంటుందని నాకనిపిస్తుంది. 1798లో నెపోలియన్ వచ్చి ఆ వెండిని కరిగించుకుపోయాడు. మరో రెండేళ్ళకు బ్రిటిషువారు వచ్చారు. మన కథ వారి సైనికులతో మొదలవుతుంది.

ఆ జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. చెమటలు, కీళ్ళనొప్పులు, నీరసం నెలల తరబడి వదిలేవి కావు. చంపేది తక్కువ, పీడించేది ఎక్కువ. 1887లో సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్, మరణించిన సైనికుల ప్లీహాల నుంచి వేరుచేసిన సూక్ష్మజీవి వివరాలను ప్రకటించాడు. ఆ పరిశోధనకు కావలసిన ప్రయోగశాలా సహాయం కారువానా షిక్లూనా అనే మాల్టా వైద్యుడు అందించాడు. పాఠ్యపుస్తకాల్లో ఈ పేరు కనిపించదు. సూక్ష్మజీవి దొరికింది కాని, అది ఒంట్లోకి ఎలా వస్తున్నదో తెలియలేదు. గాలిని అనుమానించారు, మురుగుకాలువలను అనుమానించారు, దోమలను అనుమానించారు. అలా పద్ధెనిమిదేళ్ళు గడిచాయి.

1904లో బ్రిటిషు ప్రభుత్వం బ్రూస్ అధ్యక్షతన ఒక పరిశోధక సంఘాన్ని నియమించింది. జమ్మిత్ అందులో సభ్యుడు. 1905 జూన్‌లో ఆయన మేకల రక్తాన్ని పరీక్షించాడు. ఆ మేకలు చూపులకు నిక్షేపంగా ఉన్నాయి. జ్వరం లేదు, నీరసం లేదు, మేత మానలేదు. అయినా వాటి రక్తం ఆ జ్వరపు సూక్ష్మజీవికి స్పందించింది. తరువాత రక్తంలోనూ పాలలోనూ ఆ జీవే దొరికింది. పరీక్షలు విస్తరించిన కొద్దీ తేలిందేమిటంటే, ద్వీపంలోని మేకల్లో దాదాపు సగానికి ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు సోకింది. పదింటిలో ఒకటి పాలద్వారా దాన్ని పంచుతోంది.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఆనాటి మాల్టాలో మేకల మందలను వీధివీధికీ తోలుకువచ్చి, గడపలో నిలబెట్టి, గిన్నెలోకి పితికి ఇచ్చేవారు. మేడమీది ఇళ్ళకైతే మేకలు మెట్లెక్కి వెళ్ళేవట. కళ్ళెదుట పితికిన పాలలో నీళ్ళు కలవవని గృహిణికి భరోసా. మన పట్టణాల్లోనూ గేదెను గుమ్మం ముందుకు తోలుకొచ్చి పితికించుకున్న కాలం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అక్కడా ఇక్కడా నమ్మకం ఒక్కటే. తేడా అల్లా ఆ పాలను మనం పొంగేదాకా కాస్తాం, వాళ్ళు గోరువెచ్చగా అలాగే తాగేవారు. కల్తీలేదన్న నిశ్చింతలోనే జబ్బు దాక్కుని ఉందంటే మేకలకాపరులు నమ్ముతారా? తమ బతుకు మీద దెబ్బ కొట్టడానికి దొరలు పన్నిన పన్నాగమనే అనుకుంటారు. పరాయిపాలనలో అలా అనుకోవడానికి వారికి కారణాలు లేకపోలేదు.

సైనికులకు మేకపాలు మాన్పించారు. ఫలితం దిగ్భ్రాంతి కలిగిస్తుంది: రెండేళ్ళలో సైన్యంలో కేసులు వందల నుంచి వేళ్ళమీద లెక్కపెట్టే స్థాయికి పడిపోయాయి. బ్రిటిషు వైద్యచరిత్రలో ఇది విజయగాథ. కాని గోడకు అవతల, ఊరిజనానికి జ్వరం వస్తూనే ఉంది. పాలను పాశ్చరైజ్ చేసే కేంద్రం ద్వీపంలో ఏర్పడింది 1938లో. కారణం తెలిసిన తరువాత కూడా మూడు దశాబ్దాలకు పైగా పట్టిందన్నమాట. సైనికుడికి డబ్బాపాలు సరఫరా చేయడం ఒక ఉత్తర్వుతో అయ్యేపని. పేదవాడి ఇంటికి మంచిపాలు చేర్చాలంటే ప్రభుత్వం డబ్బు ఖర్చుపెట్టాలి, కాపరులకు బదులు బతుకు చూపాలి. ఆ రెండో పనికి తొందరపడినవారు లేరు. ఆ సూక్ష్మజీవి జాతికి 1920లో బ్రూస్ పేరు మీదుగా బ్రూసెల్లా అని నామకరణం చేశారు. ద్వీపానికి దక్కింది జాతి పేరు పక్కన ‘మెలిటెన్సిస్’ అన్న విశేషణం. జమ్మిత్ పేరు వీటిలో ఎక్కడా లేదు. బ్రూస్ ప్రతిభను తక్కువ చేయనక్కరలేదు గాని, ఈ పంపకం సరిగా జరగలేదనే నా అభిప్రాయం.

వలెట్టాలోని కస్తెల్లనియా అనే పాత న్యాయస్థాన భవనంలో జమ్మిత్ ప్రయోగశాల ఉండేది. ఇప్పుడది ఆరోగ్యశాఖ కార్యాలయం. మర్చంట్స్ వీధిలో నడుస్తూ దాన్ని దాటిపోకుండా ఒక్క నిమిషం నిలబడండి.

మూడోరోజు ఆయన రెండో జీవితానిది. పావొలా పట్టణంలో 1902లో ఇళ్ళకు నీటితొట్లు తవ్వుతుంటే కాలికింద రాతిని తొలిచిన సమాధి మందిరం బయటపడింది. అదే హాల్ సఫ్లీని. తవ్వకం ప్రారంభించిన మాన్యువెల్ మాగ్రీ అనే క్రైస్తవ మతాచార్యుడు 1907లో పరదేశంలో మరణించాడు. ఆయన రాసుకున్న వివరాలు దొరకలేదు. జమ్మిత్ ఆ పని చేపట్టి, అక్కడ సుమారు ఏడువేలమంది అస్థికలు ఉండి ఉంటాయని అంచనా వేశాడు. లోపలి గాలి చెడకుండా గంటకు పదిమందిని మాత్రమే పంపుతారు. విమానం టికెట్ల కంటే ముందు దీని టికెట్లు కొనాలి, అదీ కొన్ని నెలల ముందు.

అక్కడికి దగ్గరలోనే టార్షీన్ ఆలయాలు. నాగలికి పెద్ద రాళ్ళు తగులుతున్నాయన్న రైతు మాట విని, జమ్మిత్ 1915 నుంచి 1919 వరకు తవ్వించాడు. పైన కంచుయుగపు దహనసంస్కారాల బూడిద, దానికింద ఏ వస్తువూ లేని సుమారు మూడడుగుల ఒండ్రు, అంతకు కింద ఆలయం. ఆ ఖాళీ పొరను ఆయన తొందరపడి తొలగించలేదు, కొలిచాడు, రాసుకున్నాడు. ఆలయం కట్టినవారు కంచుయుగం వారికంటే చాలా పూర్వులని ఆ పొర చెప్పింది. ఈజిప్టు పిరమిడ్ల కంటే కూడా పాతవైన ఆలయాలు మాల్టాలో ఉన్నాయని తరువాతి పరిశోధనలు తేల్చాయి. ‘ఏమీ లేదు’ అన్న ఫలితాన్ని కూడా నమోదుచేసే అలవాటు ఆయనకు ప్రయోగశాలలోనే అబ్బి ఉంటుంది. ఆయన 1930లో ప్రచురించిన టార్షీన్ గ్రంథంలో కూడా అలంకారాలు తక్కువ, కొలతలు ఎక్కువ. ఇంత పొడిగా రాసిన పుస్తకం నన్ను ఇంతగా ఆకట్టుకోవడం అరుదు.

ఆ ఆలయపు రాతిపలకల మీద పందితో, పొట్టేలుతో పాటు మేకల వరుస చెక్కి ఉంది. నగిషీచెక్కిన ఒక బలిపీఠపు తొర్రలో చెకుముకిరాతి కత్తి కూడా దొరికింది. అసలు శిల్పాలు వలెట్టా పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్నాయి. టార్షీన్‌లో కనిపించేవి నకళ్ళు. అందుకని ప్రదర్శనశాలను టార్షీన్ చూసిన మర్నాటికి ఉంచుకోవడం మేలు.

మిగిలిన రోజులు మీ ఇష్టం. మ్దీనా కోటను సాయంత్రం, జనం పలచబడ్డాక చూడండి. గోజో దీవికి పడవలో వెళ్ళి జగంతీయా ఆలయాలు చూడండి. జూలై, ఆగస్టు ఎండలు మన రోహిణీకార్తెను తలపిస్తాయి కనుక ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో వెళ్ళడం ఉత్తమం. గోజోలో జబేనా అనే చిన్న గుండ్రని జున్నుబిళ్ళలు, మిరియాలు అద్దినవి, తప్పక రుచి చూడవలసినవి. గొర్రెపాలతోనో మేకపాలతోనో చేస్తారు. 1995లో పాశ్చరైజ్ చేయని పాలతో చేసిన జున్నువల్ల ద్వీపంలో ఆ పాత జ్వరం మళ్ళీ వందమందికి పైగా సోకింది. కనుక కొనేముందు ఏ పాలతో చేశారో అడగండి. వాళ్ళేమీ అనుకోరు.