పెన్సిలిన్ కథలో నర్సమ్మ

పెన్సిలిన్ అనగానే అందరికీ ఫ్లెమింగ్ గారే గుర్తొస్తారు. 1928లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఆయన గాజు పళ్ళెంలో బూజు పట్టిన సంగతి బడి పిల్లలు కూడా చెబుతారు. కాని ఆ బూజు మందుగా మారి రోగి మంచం దాకా రావడానికి పన్నెండేళ్ళు దాటింది. ఆ మంచం పక్కన రాత్రింబవళ్ళు నిలబడ్డ నర్సుల సంగతి మాత్రం మనం ఎక్కడా పెద్దగా చదవం.

1941 ఫిబ్రవరి 12. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్, రాడ్‌క్లిఫ్ ఆసుపత్రి. ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబులుకు ముఖం మీది గాయం చీము పట్టి, ఊపిరితిత్తుల దాకా పాకింది. ఒక కన్ను తీసేశారు. సల్ఫా మందులు పనిచేయలేదు. ఫ్లోరీ గారి బృందం దగ్గర కాస్తంత పెన్సిలిన్ ఉంది. దాన్ని తయారుచేసే హీట్లీ మొదట్లో బూజును పెంచింది ఆసుపత్రి బెడ్‌పాన్లలోనే! తర్వాత చేయించిన పింగాణీ పాత్రలకూ ఇంచుమించు అదే ఆకారం. నవ్వొస్తుంది గాని, ఇది నిజం.

మూడు గంటలకొకసారి మందు ఎక్కించారు. పెన్సిలిన్‌ను మూత్రపిండాలు త్వరగా బయటికి పంపేస్తాయి. అందుకని రోగి మూత్రమంతా పట్టి ఉంచి, సైకిలు మీద ప్రయోగశాలకు చేరవేసి, అందులోంచి మందు తిరిగి తీసి మళ్ళీ అతనికే ఎక్కించారు. ఒకరోజులోనే జ్వరం దిగింది, అన్నపానాలు మొదలయ్యాయి. అయిదో రోజుకు మందు అయిపోయింది. కొన్నాళ్ళు బాగానే ఉన్నాడు, తర్వాత జబ్బు తిరగబెట్టింది. మార్చి 15న చనిపోయాడు. మందు పనిచేయక కాదు, చాలక.

యుద్ధకాలంలో ఈ మందు వార్డుల్లోకి వచ్చాక గడియారం చూడడం నర్సు పనైంది. అర్ధరాత్రి రోగిని లేపి సూది వేయాలి. ‘పాపం, నిద్రపోతున్నాడు’ అని ఒక డోసు వదిలితే సూక్ష్మజీవులకు ఊపిరి పోసినట్టే. చీమునో కఫాన్నో పరీక్షకు తీయాలంటే మొదటి డోసుకు ముందే తీయాలి. మందు పడ్డాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు. ఇంతకుముందు ఈ మందు పడిందా, ఒంటిమీద దద్దుర్లు వచ్చాయా అని అడగాలి. ఇదంతా చదువుతో వచ్చే పని. సూది పొడవడం ఒక్కటే నర్సు పని అనుకోవడం మన పొరపాటు.

1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే ఫ్లెమింగ్ హెచ్చరించారు: చాలీచాలని మోతాదు వాడితే క్రిములు చావకపోగా మందుకు అలవాటు పడతాయని. మా ఇంట్లో జ్వరం తగ్గగానే మిగిలిన మాత్రలు బీరువాలోకి పోతాయి. ‘మళ్ళీ వస్తే పనికొస్తాయి’ అంటుంది అమ్మీ. మీ ఇళ్ళల్లోనూ ఇంతేనేమో!

మందు మధ్యలో ఆపకుండా చూడడం ఎలాగన్నది మన పక్కనే, మద్రాసులో తేలింది. 1956లో అక్కడ క్షయ రోగులపై పరిశోధన మొదలైంది. కొందరిని శానిటోరియంలో ఉంచారు, కొందరికి ఇరుకు ఇళ్ళల్లోనే ఏడాదిపాటు మాత్రలిచ్చారు. నర్సులు, హెల్త్ విజిటర్లు ఇళ్ళకు వెళ్ళేవారు. ఒక్కోసారి చెప్పకుండానే వెళ్ళి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు. 1959లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇంట్లో మాత్రలు మింగినవారికీ శానిటోరియంలో ఉన్నవారికీ ఇంచుమించు సమానంగా నయమైంది.