కుంచెయు సైకిలును: ఉప్పల్, నాచారముల చిత్రకారుని దినచర్య

కుల చరిత్రము వ్రాయబూనువారు సామాన్యముగా ఋషితో నారంభించి రాజుతో ముగింతురు. గోత్రమేది, మూలపురుషుడెవ్వడు, ఏ ప్రభువు ఏ మాన్యమిచ్చెను అను ప్రశ్నలకు ప్రత్యుత్తరములు దొరకినచో చరిత్రము పూర్తియైనదని తలంతురు. మహాసభల సంచికలయందు ఇట్టి వ్యాసములకు కొదువ లేదు. అవి యక్కరలేదని నేననను. కాని తెల్లవారక మునుపే లేచి, సైకిలు చక్రములలో గాలి చూచుకొని, కుంచెలను గుడ్డలో చుట్టుకొని పనికి బోయిన మనిషి చరిత్రమును ఎవరు వ్రాయవలయును? అతడు వేసిన రంగులను లక్షలమంది వెండితెరపై జూచిరి. అతని పేరు ప్రక్కవీధి వారికైన దెలియదు. ఈ వ్యాసము అతనిని గూర్చినది.

మొదట మన పేర్లను గూర్చి యొక మాట. ప్రభుత్వము వారి వెనుకబడిన తరగతుల పట్టికలో ఆర్యక్షత్రియ, చిత్తారి, జీనగర, చిత్రకార, నకాషు అను పేర్లు ఒక్కచోటనే యుంచబడినవి. ఈ పేర్లలో ఋషి లేడు, రాజు లేడని కొందరు చిన్నబుచ్చుకొందురు. వానిలో పని యున్నది. చిత్తారి యన్న చిత్రకారుడే. నకాషను మాట బొమ్మ, రేఖ యను నర్థము గల నఖ్ష్ అను అరబ్బీ పదము నుండి వచ్చినది. జీనగరుడన పారసీకమున గుఱ్ఱపు జీను చేయువాడు. ఆ జీనగరుని మనుమడు తోలుజీను గల సైకిలెక్కి కూలికి బోవుట కాలము చేసిన చిన్న పరిహాసము. అయినను ఆ పరిహాసములోనే మన నిన్నటి చరిత్రమంతయు నిమిడి యున్నది.

పూర్వమున మన చిత్రకారునకు ఇంటికిని పనికిని నడుమ దారి లేదు. గడప మాత్రమే యుండెను. చేర్యాలను జూడుడు. ఈ గ్రామము మొన్నటి దాక వరంగల్లు జిల్లాలోనిది. 2016 వ సంవత్సరమున జిల్లాలను విభజించినప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరినది. అచటి నకాషులు ఖద్దరు గుడ్డకు గంజియు, సుద్దయు, చింతగింజల జిగురును కలిపి పూతలు పూసి, ఆరవేసి, దానిపై ఎఱ్ఱని నేలరంగు నింపి పురాణ పటములు వ్రాసెడివారు. పటము సుమారు మూడడుగుల వెడల్పున, నలువది యడుగులకు మించిన నిడివిని గూడ నుండును. మొదట వినాయకుడు, సరస్వతి. పిదప వరుసలు వరుసలుగా కథ. కూనపులి వారు పద్మశాలీల యెదుట మార్కండేయ పురాణమును, గౌడజెట్టి వారు గౌడుల యెదుట గౌడ పురాణమును, కాకిపడగల వారు ముదిరాజుల యెదుట పాండవ కథను, డక్కలి వారు మాదిగల యెదుట జాంబ పురాణమును ఈ పటములను విప్పియే చెప్పెడివారు. ఇతర కులముల వారికి తమ మూలపురుషుని ముఖమును జూపినది మన వారి కుంచెయే.

ఆ పనిలో ఇల్లంతయు పాల్గొనెడిది. జిగురు కాచుట, పూత పూయుట, రంగు నూరుట, గీతల నడుమ రంగు నింపుట స్త్రీలకు నిత్యకృత్యములు. పిల్లవాడు తండ్రి ప్రక్కన గూర్చుండి ఉడుత వెండ్రుకల కుంచె పట్టుట నేర్చుకొనెడివాడు. ఎవరి పేరును పటముపై వ్రాయు వాడుక లేకుండెను. పటము జీర్ణమైనప్పుడు దానిని నీటిలో విడుచుట ఆచారము. 17 వ శతాబ్దము నాటి పటము హైదరాబాదున జగదీశ్, కమలా మిత్తల్ భారతీయ కళా సంగ్రహాలయమున నేటికిని నిలిచియున్నది. దానిని వ్రాసిన వారి నామధేయము మాత్రము నిలువలేదు.

తరువాత సినిమా వచ్చినది. పటము విప్పెడు రచ్చకట్ట నుండి జనము గుడారపు టాకీలకు మరలినది. కథ చెప్పువారికి సంభావనలు తగ్గినవి. వారు క్రొత్త పటము వ్రాయించుట మానిరి. చేర్యాలలో కుంచె విడువని కుటుంబములు వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మిగిలినవి. ఇక జనగామ, ఆలేరు, భువనగిరి, ఘటకేసరముల మీదుగా వచ్చు వరంగల్లు బాట హైదరాబాదును ముట్టునది ఉప్పల్ వద్ద. కావున ఆ దిక్కు నుండి బ్రదుకుదెరువునకై వచ్చువారికి పట్టణమన మొదట కనబడునది ఉప్పల్ చౌరస్తాయే. బస్సు దిగినచోట అద్దెగది చవుకగా దొరకినచో అచటనే కాపురము నిలుచును.

ఆ కాలముననే తెలుగు చలనచిత్ర పరిశ్రమ మదరాసు నుండి మెల్లమెల్లగా హైదరాబాదునకు తరలుచుండెను. అమీర్‌పేటలో సారథి స్టూడియో 1956 నాటికే వెలసినది. బంజారాహిల్సులో అన్నపూర్ణ స్టూడియో 1976 లో ఆరంభమైనది. ఆ 1976 లోనే నందమూరి తారక రామారావుగారు నగరమునకు తూర్పున నాచారములో రామకృష్ణ సినీ స్టూడియోను స్థాపించిరి. మరుసటి సంక్రాంతికి, అనగా 1977 జనవరి 14 వ తేదిని, ఆ సంస్థ పేరట దానవీరశూరకర్ణ వెలువడినది. అటు పిమ్మట రామానాయుడుగారి సంస్థకును నాచారమున చిత్రీకరణ స్థలమేర్పడినది. ఉప్పల్‌కు దాపుననే రామంతాపురమున దూరదర్శన కేంద్రము గలదు. ఈ విధముగా పారిశ్రామికవాడల పొగగొట్టముల నడుమ, మన గ్రామముల వారు వచ్చి దిగిన దిక్కుననే, హస్తినాపురములును, ఇంద్రసభలును లేవసాగినవి. పటమును పల్లె నుండి తరిమిన సినిమాయే పట్టణమున చిత్రకారునకు కూలి యిచ్చినది.

ఒక సత్యమును మరుగుపరచరాదు. స్టూడియోలలో రంగుపని మన కులము వారిది మాత్రమే గాదు. మదరాసున పని నేర్చి వచ్చినవారు, గోడప్రకటనలు వ్రాయు ముసల్మానులు, మగ్గము విడిచిన సాలెలు, ఎందరో ఆ పనిలో నుండిరి. జగత్ప్రసిద్ధుడైన హుసేనుగారును బొంబాయిలో సినిమా ప్రకటన పటములకు రంగులు వేసియే బ్రదుకు మొదలుపెట్టెను. కుంచె ఏ యొక్క కులముదియు గాదు. కుంచెవలన బ్రదికిన కులము మాత్రము మనది.

ఇక దినచర్య. ఇది యొక్కని కథ గాదు. 1976 మొదలు సుమారు పాతికేండ్ల కాలము సెట్టింగులకు రంగులు వేసినవారి దినములలో సామాన్యముగా నుండిన దానినే ఇచట గూర్చుచున్నాను.

వేకువన లేచి సైకిలు తుడిచి, గొలుసునకు చుక్క నూనె వేయును. వెనుకటి క్యారియరున కుంచెల మూటయు, రంగులంటిన పాత చొక్కాయు, హ్యాండిలునకు సద్దిగిన్నె. బస్సున్నను సైకిలే యేల? స్టూడియో బస్సు దారికి లోపలగా నుండును. రంగు పని యెప్పుడు ముగియునో చెప్పవీలు లేదు. కడపటి బస్సు వెళ్ళిపోయిన వేళకు విడిచిపెట్టుదురు. ఆరని కుంచెలతో, మరకల బట్టలతో బస్సెక్కిన వానిని జనము తాకనీయరు. సైకిలు ఏమియు ననదు.

ఉప్పల్ నుండి పడమటగా తార్నాక దారిని బోయినచో సర్వే శాఖ వారి యావరణము, పిదప 1961 లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఆవల హబ్సిగూడ. అచట కుడికి మరలినచో నాచారము. భూమిని పటముగా గీయువారును, భూగర్భమును కొలుచువారును పని చేయు గోడల ప్రక్కగా, పగటికి మాయానగరమును నిలుపవలసినవాడు సైకిలు త్రొక్కుచు బోవును. కర్మాగారముల మొదటి వంతు కూలీలును ఆ వేళకే బయలుదేరుదురు. దారి పొడవునను సైకిళ్ళ బారులే.

స్టూడియో చేరిన పిదప పని వరుస యిది: వడ్రంగి చట్టము కట్టును, దానిపై గుడ్డయో పలచని చెక్కయో బిగింతురు, అచ్చుపనివారు స్తంభములకు, సింహముఖములకు పోతపనులు చేయుదురు. తుదకు చిత్రకారుని వంతు. ఈ తుదివంతు అనునది బహు కష్టమైనది. వడ్రంగి యాలసించినను, పోత యారకున్నను, ఆ యాలస్యమంతయు చిత్రకారుని నెత్తిననే పడును. నాయకుడు మేకప్పుతో వచ్చువేళ మారదు. గోడ యారు వేళయే తగ్గవలయును. అందువలన రాత్రులు సారువపై నిలుచుండి పని చేయుట, తడి గోడకు పంకాలు పెట్టుట నిత్యమైనవి.

సుద్దలో వజ్రపు జిగురు కాచి పోసి, పొడిరంగులు కలిపి, చెక్కను చలువరాతిగా మార్చుట ఆ పనిలోని ముఖ్య రహస్యము. అడుగురంగు తడిగా నుండగనే సన్నని కుంచెతో నరములవలె గీతలు లాగి, గుడ్డతో మెల్లగా నద్దినచో గీత చెదరి రాతిలోనికి దిగినట్లగపడును. పాతగోడ కావలసినచో మసియు, పసుపుమట్టియు చిలుకరింతురు. కంటికి సరిగా నున్న రంగు పెద్దదీపముల వెలుగున వెలవెలబోవును. కావున పగటికంటితో గాక కెమెరా కంటితో చూచుట నేర్వవలయును. చేర్యాల పటమున నేల యేల యెఱ్ఱగా నుండెనో దీనివలన బోధపడును. రాత్రి దీపపు వెలుతురున దూరమున గూర్చున్న వానికి గూడ బొమ్మ విడిగా తోపవలయును గదా! తాత దీపమును, మనుమడు లైటును ఎరిగి రంగు కలిపినవారే.

చిత్రీకరణ ముగిసిన మరునాడే ఆ సభామండపమును విరుగగొట్టుదురు. చట్టపు కఱ్ఱలు ఇంకొక సెట్టునకు బోవును. రంగు మట్టిలో గలియును. పటమును నీట విడిచిన ఆచారమునకును దీనికిని భేదమొక్కటే. అచట మ్రొక్కి విడిచిరి. ఇచట గొడ్డలితో విడిచిరి.

సంజెవేళ కూలియు, బత్తాయు లెక్కజూచుకొని, చేతులను కిరసనాయిలుతో కడుగుకొని ఇల్లు చేరును. గోళ్ళ మూలలలోని నీలిరంగు అన్నము కలుపునప్పుడును పోదు. పని లేని వారములలో దుకాణముల పేరుపలకలు, లారీల వెనుకటి బొమ్మలు, వాహనముల సంఖ్యలు, గుడి గోపురపు పూతలు, వినాయకచవితి విగ్రహములు. అవియు లేనప్పుడు కిరాణా దుకాణమున ఖాతా. టర్పెంటైను ఆవిరికి దగ్గు, సారువపై నిలిచి నిలిచి మోకాళ్ళ నొప్పులు, దీపముల వేడికి కండ్లమంట, ఇవి ఆ వృత్తి యిచ్చిన పింఛనులు.

ఈ మార్పులో మనము గమనింపని నష్టమొకటి గలదు. పని గడప దాటి సైకిలెక్కిన దినమున స్త్రీ చేతి నుండి కుంచె జారిపోయినది. చేర్యాలలో సగము పటము ఆమెది. ఉప్పల్‌లోని అద్దెగదిలో ఆమె సద్ది కట్టునది మాత్రమే యయ్యెను. పిల్లవానికిని తండ్రి పని కనబడలేదు. కనబడినది మరకల చొక్కా మాత్రమే. ఆ చొక్కాను జూచి, ఈ పని నాకు వలదనెను. అతనిని తప్పుబట్టుటకు మనకు నోరెక్కడిది?

తరువాతి కథ యందరెరిగినదే. 2000 తరువాత ఫ్లెక్సు ముద్రణ వచ్చి ప్రకటనలు వ్రాయు చేతిని త్రోసివేసినది. ఇంద్రసభను కంప్యూటరు నిర్మించుచుండగా, చిత్రకారునకు గోడనంతయు ఒక్క ఆకుపచ్చ రంగున నింపుట మిగిలినది. 2017 నవంబరులో నాగోలు నుండి ఉప్పల్, హబ్సిగూడల మీదుగా మెట్రో రైలు నడచినది. ఆ స్తంభముల క్రింద సైకిళ్ళ బారులు కానరావు. మరియొక ప్రక్క చేర్యాల పటమునకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. చిన్న చిన్న చట్టములలో, ముఖపు బొమ్మలుగా, ఆ కళ పట్టణపు గోడలకెక్కుచున్నది. స్త్రీలు మరల తమ పేరటనే పటములు వ్రాయుచున్నారు. పటము బ్రదికినది. సైకిలుపై బోయినవాని జ్ఞాపకము మాత్రము నిలువలేదు. ఏలయన అతడు చేసిన పని యేదియు మిగులలేదు.

కులబాంధవులారా! సన్మానములు, సత్రములు, వసతిగృహములు కావలసినవే. వానితోబాటు ఈ మహాసభ స్వల్పవ్యయముతో చేయదగిన పని యొకటి గలదు. మన ప్రతి బస్తీలో, ప్రతి గ్రామములో, రంగుపని చేసి వృద్ధులైనవారు ఇంకను కొందరున్నారు. వారి యొద్ద గూర్చుండి, వారి దినచర్యను వారి మాటలలోనే వ్రాసికొనవలయును. ఏ దారిని పోయిరి, ఏ జిగురు కాచిరి, కుంచెకు ఏ పేరు పెట్టిరి, కూలి యెంత, అప్పెంత, ఇంటి యాడుబిడ్డ చేసిన పని యేది, ఇవన్నియు వ్రాయవలయును. గోత్రములు గ్రంథములలో నున్నవి. వానికి తొందర లేదు. ఈ వృద్ధుల జ్ఞాపకము మాత్రము రేపటికి నిలుచునను నమ్మకము లేదు.

మూలపురుషుడు సూర్యవంశపు వాడని వ్రాసికొన్నచో మనలను గౌరవించువారు మనమే. చెక్కను చలువరాతిగా మార్చి, చీకటి పడిన పిదప ఉప్పల్ దారిని సైకిలుపై తిరిగి వచ్చినవాని పేరు వ్రాసినచో, ఆ పేరు చదివి అతని మనుమడు తలయెత్తుకొనును. ఇతరుల మూలపురుషులను ఇంత కాలము చిత్రించిన చేతులు, ఒక్క పర్యాయము తమ తాతల ముఖములను చిత్రించుకొనుట న్యాయము. మహాసభ వారు ఈ మనవిని ఆలోచింతురుగాక.