కాంపౌండరు నుండి ఫార్మసిస్టు వరకు

ఆసుపత్రికి వెళ్లి వచ్చిన మనిషిని అడిగితే డాక్టరుగారి పేరు చెబుతాడు. మందు చేతికిచ్చిన ఆయన పేరు అడిగితే, "కిటికీ దగ్గర ఉంటాడే, ఆయన" అంటాడు. అంతే. ఆ కిటికీ వెనుక మనిషి చరిత్రను సభ్యుల ముందు పెట్టాలని ఈ వ్యాసంలో సంకల్పించాము. అందులో కొంత మన పూర్వుల చరిత్ర కూడా ఉన్నది.

వైద్యం చేసేవాడు వేరు, మందు తయారుచేసేవాడు వేరు అనే ఏర్పాటు 9వ శతాబ్దం నాటికే బాగ్దాదులో కనిపిస్తుంది. మందులవానిని అరబ్బీలో సైదలానీ అనేవారు. ఏ మందులో ఏది ఎంత పాలు కలపాలో తెలిపే గ్రంథాన్ని ఖరాబాదీన్ అనేవారు. 869లో మరణించిన సాబూర్ ఇబ్న్ సహల్ అనే క్రైస్తవ వైద్యుడు రాసిన గ్రంథం ఆ కాలపు ఆసుపత్రులలో వాడుకలో ఉండేది. నేడు మనం పిల్లలకు తాగించే 'సిరప్' అనే మాట కూడా అరబ్బీ 'షరాబ్' నుండి వచ్చినదే.

ఆ రోజుల కథ ఒకటి చెప్పుకోదగినది. 13వ శతాబ్దంలో వైద్యుల చరిత్రలు రాసిన ఇబ్న్ అబీ ఉసైబియా దీనిని గ్రంథస్థం చేశాడు. అఫ్షీన్ అనే సేనాని తన దండులోని మందుల వ్యాపారులను పరీక్షించదలచి, మందులే కాని కొన్ని పేర్లు చీటీ మీద రాయించి పంపించాడు. కొందరు "ఉన్నవి" అంటూ డబ్బు పుచ్చుకుని, అంగట్లో ఉన్నదేదో కట్టి ఇచ్చారు. కొందరు మాత్రం "ఈ పేర్లు మేము ఎరుగము" అన్నారు. ఎరుగమన్న వారిని దండులో ఉండనిచ్చి, ఇచ్చిన వారిని వెళ్లగొట్టారు. మందులవాని మొదటి అర్హత ఇదేనని మా అభిప్రాయం. లేనిదానిని లేదనాలి, తెలియనిదానిని తెలియదనాలి.

ఇక మన ప్రాంతానికి వద్దాం. హైదరాబాదులో వైద్య పాఠశాల 1846లో ప్రారంభమై, తొలి దశలో ఉర్దూలోనే బోధన సాగింది. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయాక, నది ఒడ్డున కట్టిన ఉస్మానియా ఆసుపత్రి భవనం 1925 నాటికి పూర్తయినది. యునానీ దవాఖానాలలో మాజూన్లు, షర్బత్తులు నూరి కలిపేవారు. ఇంగ్లీషు వైద్యపు దవాఖానాలలో ఆ పని కాంపౌండరు చేసేవాడు.

మా చిన్నతనంలో ధర్మాసుపత్రికి ఇంటి నుంచే ఖాళీ సీసా తీసుకెళ్లేవాళ్లం. కాంపౌండరు సాబు రాతి కల్వంలో పొడి నూరి, కొలగ్లాసులో నీళ్లు పోసి మిక్చరు కలిపి, మోతాదుకొక గాటు పెట్టిన కాగితపు పట్టీని సీసాకు అంటించేవాడు. "కుదిపి తాగు బేటా" అనేవాడు. పొడి అడుగున పేరుకుంటే మొదటి మోతాదు వట్టి నీళ్లు, చివరి మోతాదు అంతా మందే అవుతుంది మరి. ఒకసారి మా తమ్ముడి చీటీ చూసి "వయసెంత?" అని అడిగి, చీటీ పట్టుకుని డాక్టరుగారి గదికి వెళ్లి, మోతాదు దిద్దించుకుని వచ్చాడు. ఆలస్యమైందని అమ్మీ విసుక్కుంది. ఆయన మా తమ్ముణ్ణి కాపాడాడని మాకు చాలా ఏళ్ల తరువాతగాని అర్థం కాలేదు.

ఆ రోజుల్లో ఈ వృత్తికి చట్టం అండ తక్కువ. కల్తీ మందులు విచ్చలవిడిగా ఉన్నందున 1930లో కర్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ఒక విచారణ సంఘం ఏర్పడింది. 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవ లాల్ ష్రాఫ్ ఈ శాస్త్ర బోధనకు నాంది పలికారు. 1940లో మందుల చట్టం, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. చదువు లేకున్నా ఆసుపత్రిలో అయిదేళ్లు మందులు కలిపిన అనుభవం ఉన్నవారికి తొలి రిజిస్టరులో చోటు దొరికింది. 1952 నుండి పల్లెల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వెలిశాయి. రిజిస్టరు అయిన ఫార్మసిస్టు తప్ప ఇతరులు డాక్టరు చీటీకి మందు ఇవ్వరాదనే నిబంధన 1984 సెప్టెంబరు 1 నుండి అమలుకు వచ్చింది.

చట్టముంటే సరిపోదని 1986లో బొంబాయి చూపించింది. అక్కడి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో గ్లిసరిన్ తాగించిన రోగులలో 14 మంది చనిపోయారు. అందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక ద్రవం కలిసింది. చూపుకు గ్లిసరిన్ లాగే ఉంటుంది, రుచికీ తియ్యగానే ఉంటుంది, కాని మూత్రపిండాలను చంపేస్తుంది. 1937లో అమెరికాలో ఇదే ద్రవం ఒక మందులో కలిసి వందమందికి పైగా బలిగొన్నది. ఆ పాఠం తెలిసి కూడా సరుకు వార్డు దాకా వెళ్లింది. తయారీ నుండి వార్డు దాకా ఎన్నో చేతులు మారిన సరుకును "ఇది పరీక్ష కానిదే ఇవ్వము" అని ఎవరూ ఆపలేదు.

ఇప్పుడు కల్వం పోయి మాత్రల పట్టీలు వచ్చాయి. పని మాత్రం తగ్గలేదు. గడువు దగ్గరపడిన మందు ముందుగా ఖర్చయ్యేలా సర్దాలి, టీకాలను 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, అయిపోకముందే ఇండెంటు పెట్టాలి. రోగికి మందు వాడే విధానం వివరించడం ఫార్మసిస్టు విధి అని 2015 నిబంధనలు చెప్పాయి. ఆ వివరణ ఎందుకో ఒక్క ఉదాహరణ చాలు. పసిపిల్లల పారాసిటమాల్ చుక్కల మందు మిల్లీలీటరులో సాధారణంగా 100 మిల్లీగ్రాములుంటే, సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు ఉంటాయి. అంటే చుక్కల మందు నాలుగు రెట్లు గట్టిది. సిరప్ అనుకుని చెంచాతో పోస్తే ఏమవుతుందో తల్లులు ఆలోచించాలి.

కాబట్టి సభ్యులకు మా మనవి. కిటికీ దగ్గర మందు చేతికి రాగానే కదలకండి. ఎంత, ఎప్పుడు, ఎన్నాళ్లు అని అడగండి. ఇంట్లో వాడుతున్న ఇతర మందులు చెప్పండి. రంజాన్‌లో చక్కెర జబ్బు మాత్రలను సహరీకి, ఇఫ్తారుకు సొంతంగా మార్చుకోకుండా, నెల ముందే డాక్టరుగారిని సంప్రదించండి. ఇంటర్ చదివిన మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఈ చదువు వైపు చూడాలని కూడా కోరుతున్నాము.

ఆయన ఎప్పుడైనా "ఈ మందు ఇవ్వను, డాక్టరుగారిని మళ్లీ కలిసి రండి" అంటే కోపగించుకోకండి. అఫ్షీన్ దండులో నిలిచినవారు కాదన్నవారే.