పెద్దపేగు, మలాశయ క్యాన్సర్: ఏ దశకు ఏ చికిత్స?

మలంలో రక్తం కనబడితే మన ఇళ్లలో ముందు వచ్చే మాట ‘మొలలు’. చాలాసార్లు నిజమే కావచ్చు. కానీ వారాల తరబడి రక్తం పడుతున్నా, విరేచనాల తీరు మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా పసరు మందులతో రోజులు గడపకూడదు. కొలనోస్కోపీ చేసి, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపితేనే సంగతి తేలుతుంది. సి.ఇ.ఎ. రక్తపరీక్ష ఒక్కటే చూసి క్యాన్సర్ ఉందనీ చెప్పలేరు, లేదనీ చెప్పలేరు.

ఆ తర్వాత గడ్డ ఎక్కడుందన్నది ముఖ్యం. పెద్దపేగులో ఉంటే సాధారణంగా ముందు ఆపరేషనే. గడ్డ ఉన్న భాగాన్నీ, దాని చుట్టూ ఉన్న లింఫు గ్రంథులనూ తీసేసి, మిగిలిన పేగును కలుపుతారు. కనీసం 12 గ్రంథులైనా పరీక్షకు వెళ్లాలి. మొదటి దశ అయితే ఆపరేషన్‌తో సరిపోతుంది. గ్రంథులకు పాకితే అది మూడో దశ, 3 నుంచి 6 నెలల కీమో అవసరమవుతుంది. ఇందులో వాడే ఆక్సాలిప్లాటిన్‌తో చల్లని నీళ్లు తగిలినా వేళ్లు జివ్వుమంటాయి, తిమ్మిరెక్కుతాయి. భయపడనక్కర్లేదు, కానీ డాక్టరుకు చెప్పాలి.

పేగు చివరి భాగమైన మలాశయంలో గడ్డ ఉంటే దారి వేరు. ముందు ఎం.ఆర్.ఐ. తీస్తారు. గడ్డ లోతుగా పాకి ఉంటే ఆపరేషన్‌కు ముందే రేడియేషన్ ఇస్తారు. ఒక పద్ధతిలో కీమో మాత్రలతో కలిపి సుమారు 5 వారాలు, ఇంకోదానిలో 5 రోజులే. శ్రీశైలం, సున్నిపెంట వాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. కర్నూలుకైనా హైదరాబాద్‌కైనా నల్లమల దాటాలి, రాత్రిపూట అడవి చెక్‌పోస్టులు మూసేస్తారు. రోజూ పోయి రావడం కుదరదు. కాబట్టి తమకు 5 రోజుల పద్ధతి పనికొస్తుందా అని డాక్టరును అడగాలి, లేదంటే బస ముందే చూసుకోవాలి. కొందరికి గడ్డ పూర్తిగా కరిగిపోతే ఆపరేషన్ వాయిదా వేసి, గట్టి నిఘా పెట్టే పద్ధతి కూడా ఉంది.

కర్నూలులో ప్రభుత్వ సర్వజన వైద్యశాల, స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఏ ఆసుపత్రిలో, ఏ చికిత్సకు వర్తిస్తుందో చేరకముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి.

చాలామంది వెనకాడేది సంచికే. గడ్డ మలద్వారానికి బాగా దగ్గరైతే పొట్టమీద మార్గం చేసి సంచి తగిలిస్తారు. కొందరికి అది కొన్ని నెలలే, మరికొందరికి శాశ్వతం. ఏదైనా ఆపరేషన్‌కు ముందే అడగొచ్చు. ‘ఇక నమాజ్ ఎలా?’ అని కుమిలిపోయే పెద్దవాళ్లున్నారు. ఆపుకోలేని ఇబ్బంది ఉన్నవారిని మాజూర్‌గా చూసి, నమాజు వేళ వచ్చినప్పుడు వుజూ చేసుకుని చదువుకోవచ్చని ఉలమా చెబుతారు. వివరం స్థానిక ఆలిమ్‌ను అడగాలి. కీమో నడుస్తుండగా రంజాన్ వస్తే రోజా విషయం డాక్టరు దగ్గర దాచొద్దు. విరేచనాలవుతున్నప్పుడు నీళ్లు తాగకపోతే ఒంట్లో నీరు తగ్గి ప్రమాదం. రోగికి తర్వాత కజా చేసుకునే వెసులుబాటు ఉండనే ఉంది.

కాలేయానికి పాకిన నాలుగో దశలోనూ కొందరికి ఆ మచ్చలను ఆపరేషన్‌తో తీస్తారు. మిగతావారికి కీమో, గడ్డ జన్యువులను పరీక్షించి ఇచ్చే మందులు ఉన్నాయి. నొప్పి తగ్గించడమూ చికిత్సే.

చికిత్స అయ్యాక మొదటి రెండేళ్లు 3–6 నెలలకోసారి సి.ఇ.ఎ., ఏడాది నిండాక ఒక కొలనోస్కోపీ చేయించాలి. రోగి తోబుట్టువులు, పిల్లలు 40 ఏళ్లకు, లేదా రోగికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందొస్తే అప్పుడు పరీక్ష మొదలుపెట్టాలి.