వాటర్ సాఫ్ట్‌నర్: లోపాలు, సవరణ

బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను తీసేసి కాఠిన్యాన్ని తగ్గించే గృహోపకరణం. ఇందులోని రెజిన్ పూసలు ఆ లవణాల అయాన్లను పట్టుకుని, బదులుగా సోడియాన్ని వదులుతాయి. పూసలు నిండిపోయాక చిక్కటి ఉప్పునీటితో కడిగితే మళ్లీ పనికొస్తాయి. దీన్నే రీజనరేషన్ అంటారు. భారత ప్రమాణం ఐఎస్ 10500 తాగునీటి కాఠిన్యానికి లీటరుకు 200 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. వేరే నీటి వనరు లేనిచోట 600 వరకు అనుమతించింది.

బకెట్లకు తెల్లటి చారలు మళ్లీ కడుతున్నా, సబ్బు నురగ రాకపోయినా ముందు ఉప్పు తొట్టి మూత తీసి చూడాలి. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. పైకి నిండుగా కనిపించే తొట్టిలో ఉప్పు అట్టకట్టి, దాని కింద డొల్లగా ఉంటుంది. నీటికి ఉప్పు అందదు. కర్రతో మెల్లగా పొడిస్తే ఆ పెచ్చు విరిగి కిందికి జారుతుంది. మెత్తటి ఉప్పు వాడే ఇళ్లలో ఈ బెడద ఎక్కువ, బిళ్లల ఉప్పు నయం. వాడకం మామూలుగానే ఉన్నా నెలల తరబడి ఉప్పు తగ్గకపోతే అది కచ్చితంగా అనుమానించాల్సిన సంగతి.

తొట్టి బాగుంటే బైపాస్ వాల్వు తెరిచి ఉందేమో, ఉప్పునీటిని లాగే ఇంజెక్టర్‌లో ఇసుక అడ్డుపడిందేమో చూడాలి. కరెంటు పోయి వచ్చాక కొన్ని రకాల్లో టైమరు సమయం తప్పుతుంది. నీటిలో ఇనుము ఉంటే పూసలకు తుప్పు రంగు పొర పట్టి పట్టు తగ్గుతుంది. వాటిని ప్రత్యేక రసాయనంతో శుభ్రం చేయాలి. కుళాయిలోంచి ఆవగింజల కన్నా చిన్న పసుపు పూసలు రాలుతుంటే లోపలి జల్లెడ పగిలినట్టే, మెకానిక్‌ను పిలవక తప్పదు.

టీడీఎస్ మీటరుతో సాఫ్ట్‌నర్ పనితీరు తేలదు. కాల్షియం స్థానంలో సోడియం చేరుతుంది కాబట్టి ఆ అంకె దాదాపు మారదు. కాఠిన్యం కొలిచే చుక్కల మందు కిట్టే వాడాలి.